దెయ్యానికీ ఒక డోర్ నంబరు

"అర్బన్ ఫాంటసీ, పారానార్మల్ రొమాన్స్ అని నువ్వు చదివేవన్నీ మన క్షుద్ర నవలలేనమ్మా. వాళ్లు ఇంగ్లీషులో రాశారు, అంతే తేడా."

ఈ మధ్య విశాఖలో బంధువుల పెళ్లిలో ఒక పెద్దాయన అన్న మాట ఇది. అర్బన్ ఫాంటసీ అంటే ఇప్పటి ఊళ్లలో, నగరాల్లో మనుషుల మధ్యే పిశాచులు, మాంత్రికులు తిరిగే కథ. పారానార్మల్ రొమాన్స్ అంటే అలాంటి ప్రాణితో ప్రేమకథ. ఆయన నాకంటే చాలా ఎక్కువ చదివినవారు. వారపత్రికల సీరియళ్ల కోసం వారమంతా ఎదురుచూసిన తరం. పంక్తులు మారే హడావిడిలో నేను ఆయనకి సరిగ్గా జవాబు చెప్పలేదు. ఒడిశాలోని మా బరంపురం వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. రెండింట్లోనూ రాత్రి ఉంటుంది, రక్తం ఉంటుంది, చచ్చి లేచినవాళ్లు ఉంటారు, చదువుకున్న మనిషి నమ్మలేనిది ఏదో జరుగుతూ ఉంటుంది. అయినా రెండూ ఒకటేనంటే ఒప్పుకోలేను. ఆ వింత ప్రాణి ఎక్కడ కాపురం ఉంటుంది అని అడిగి చూడండి, తేడా అక్కడ బయటపడుతుంది.

అడవిలోంచి వచ్చేవాడు

సెలవులకి శ్రీకాకుళం వెళితే పిన్ని అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చే క్షుద్ర నవలలు నేనూ చదివాను. రాత్రి భయపడి, పొద్దున్నే మళ్లీ తెరిచాను. వాటి నడక దాదాపు ఒకటే. పట్నంలో ఒక కుటుంబం. బంగళా, కారు, తోటలో ఆడుకునే చిన్నపిల్ల. ఆ పిల్లకి అంతుపట్టని జబ్బు చేస్తుంది. డాక్టర్లు చేతులెత్తేస్తారు. ఆరా తీస్తూ పోతే ఆ చేతబడి మూలం ఎక్కడో అడవిలో తేలుతుంది. ఆ అడవి తరచుగా ఒరిస్సా అడవే అయి ఉంటుంది. అక్కడ ఒక మంత్రగాడు. అతనికి ఎముకల దండ ఉంటుంది, పగ ఉంటుంది. పెళ్లాం పిల్లలు, అప్పు, ఆకలి మాత్రం ఉండవు.

హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని చదివేవాళ్లకి ఒరిస్సా అడవులంటే లోకం అంచు. నాకు అవి మా మావయ్య చింతపండు కొనడానికి వెళ్లే దారి. గుణుపురం, పర్లాకిమిడి వైపు సంతల్లో అడ్డాకుల కట్టలు, కొండ చీపుర్లు, పసుపు కొమ్ములు తెచ్చి అమ్ముకునే సవర తెగ ఆడవాళ్లని చూస్తూ పెరిగాను. తూకం దగ్గర మోసపోయేది ఎప్పుడూ వాళ్లే. పుస్తకంలో మాత్రం ఆ కొండల మీద నుంచి మన పిల్లల్ని చంపేవాడు దిగి వస్తాడు. ఒక వయసు వచ్చాక ఆ నవలలు చదువుతుంటే నాకు భయం పోయి కోపం రావడం మొదలైంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. అదే కొండల వైపు చూసిన మన పాపులర్ నవలకి కనిపించింది చేతబడి ఒక్కటే.

ఆ నవలలకి న్యాయం కూడా చేయాలి. వాటిలో చాలావాటిలో సైన్సా మంత్రమా అన్న వాదన చివరిదాకా నడుస్తుంది. డాక్టరు చెప్పేదీ నమ్మాలనిపిస్తుంది, మంత్రగాడు చెప్పేదీ నమ్మాలనిపిస్తుంది. ఆ బిగువు ఇప్పటి రచనల్లో నాకు అంతగా దొరకడం లేదు. పెద్దాయన తరం వాటిని ఎందుకంత ప్రేమించిందో నాకు అర్థమవుతుంది. కానీ వాదన ఎటు తేలినా ఆ అడవి మనిషి ముద్దాయిగానే కథలోకి వస్తాడు, ముద్దాయిగానే చస్తాడు.

పక్కింట్లో ఉండేవాడు

నేను మొదట చదివిన అర్బన్ ఫాంటసీ షార్లేన్ హారిస్ రాసిన 'డెడ్ అంటిల్ డార్క్'. 2001లో వచ్చింది. అమెరికాలో లూసియానా రాష్ట్రం, ఒక చిన్న ఊరు. జపాన్ వాళ్లు కృత్రిమ రక్తం తయారుచేయడంతో రక్తపిశాచులు మేమూ ఉన్నామంటూ బయటికి వచ్చేస్తారు. మనుషులతో పాటు హక్కులు అడుగుతుంటారు. హీరోయిన్ సూకీ బారులో వెయిట్రెస్. ఎదుటివాళ్ల మనసులో మాటలు ఆమెకి వినపడతాయి. అదో వరమని ఎవరైనా అనుకోవచ్చు గానీ ఆమెకి అదొక నరకం. బిల్ అనే రక్తపిశాచి మనసు మాత్రం ఆమెకి వినపడదు. అతని పక్కన కూర్చుంటే నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకే అతని మీద ఇష్టం పుడుతుంది. గుమ్మం దాటితే చాలు, ఎవరేమనుకుంటున్నారో వాళ్లు నోరు విప్పకముందే తెలిసిపోయే వీధిలో పెరిగినదాన్ని నేను. ఆ ఇష్టం నాకు వెంటనే అర్థమైంది.

అందులో సూకీ వాళ్ల మామ్మ ఉంటుంది. మనవరాలు ఒక పిశాచితో తిరుగుతోందని తెలిస్తే ఆవిడ జడుసుకోదు. అతను అమెరికా అంతర్యుద్ధంలో పోరాడినవాడని తెలిసి, మా చరిత్ర సంఘానికి వచ్చి మాట్లాడతాడేమో అడగమంటుంది. ఆ సన్నివేశం దగ్గరే నేను ఈ రకం పుస్తకాలకి మనసు ఇచ్చేశాను. మన క్షుద్ర నవలలో ఏ మామ్మా మంత్రగాడిని కూర్చోబెట్టి, నాయనా మీ కాలంలో ఎలా ఉండేది అని అడగలేదు.

తర్వాత చదివినవాటిలో కూడా నన్ను పట్టి ఉంచింది ఇలాంటి ఇరుగుపొరుగు సంగతులే. జిమ్ బుచర్ నవలల్లో మాంత్రికుడి పేరు షికాగో టెలిఫోన్ డైరెక్టరీలో ఉంటుంది. అతనికి ఆఫీసు ఉంటుంది, అద్దె బాకీ ఉంటుంది. ప్యాట్రీషియా బ్రిగ్స్ 'మూన్ కాల్డ్' (2006) లో మెర్సీ కార్లు బాగుచేసే మెకానిక్, కొయోటీగా, అంటే చిన్న తోడేలు లాంటి జంతువుగా, మారగలదు. వెనక ఇంట్లో ఉండేవాడు తోడేళ్లుగా మారే మనుషుల గుంపుకి నాయకుడు. అతను పెత్తనం చేసినప్పుడల్లా, అతని కిటికీలోంచి కనిపించేలా తన స్థలంలో ఒక తుక్కు కారు పెట్టి, దాని చక్రాలు పీకేసి అతన్ని ఏడిపిస్తుంది. గోడ అవతల తోడేలు ఉందని తెలిసి కూడా ఆమె ఇల్లు ఖాళీ చేసి పోదు. తగాదా పడుతూనే పక్కపక్కన ఉంటారు. అదే సిరీస్‌లో యక్షజాతి వాళ్లని ప్రభుత్వం వేరే రిజర్వేషన్లలో ఉంచుతుంది. అమెరికాలో ఆ మాట వెనక ఎవరి చరిత్ర ఉందో పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. మెర్సీ తండ్రి కూడా బ్లాక్‌ఫీట్ తెగవాడు. ఆదివాసీ కాని రచయిత్రి ఆదివాసీ వారసత్వాన్ని ఇంత చనువుగా వాడుకోవచ్చా అన్న ప్రశ్న నాకు చదివిన ప్రతిసారీ వస్తుంది. ఆమె అపహాస్యం చేయలేదు, భయపెట్టడానికీ వాడలేదు. అయినా ఆ ప్రశ్న పోదు.

ఇలోనా ఆండ్రూస్ పేరుతో భార్యాభర్తలిద్దరు కలిసి రాసే కేట్ డేనియల్స్ కథల్లో అట్లాంటా నగరానికి మంత్రశక్తి కెరటాల్లా వస్తూ పోతూ ఉంటుంది. అది వచ్చినప్పుడు ఫోన్లు, కార్లు ఆగిపోతాయి. అది పోయాక మళ్లీ నడుస్తాయి. జనం రెండింటికీ సర్దుకుని బతుకుతారు, మా చిన్నప్పుడు కరెంటు కోతల వేళలకి వంటా చదువూ సర్దుకున్నట్టు.

ఈ రకంలో చెత్త లేదనడం లేదు. తోలు జాకెట్టు, నడుముకి కత్తి, వీపు చూపించే అట్టబొమ్మ, పదో పుస్తకానికి శక్తులు పెరిగిపోయి దేవుళ్లతోనే కుస్తీ. అలాంటివి సగంలో వదిలేశాను.

ఠాకురాణి పుట్టిల్లు

బెన్ ఆరోనోవిచ్ 'రివర్స్ ఆఫ్ లండన్' (2011) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అందులో నదులకి దేవతలు ఉంటారు. థేమ్స్ దిగువకి దేవత మామా థేమ్స్. ఆమె నర్సు చదువుకని నైజీరియా నుంచి లండన్ వచ్చిన అమ్మాయి. బతుకు మీద విరక్తితో నదిలో దూకితే ఆ నది ఆమెని తన దేవతగా చేసుకుంది. ఎగువన పాత ఫాదర్ థేమ్స్ ఉంటాడు. ఇద్దరి మధ్యా హద్దుల తగాదా. దాన్ని తీర్చే పని పీటర్ గ్రాంట్ అనే కుర్ర కానిస్టేబుల్ మీద పడుతుంది. అతని తల్లి కూడా ఆఫ్రికా నుంచి, సియెరా లియోన్ నుంచి వచ్చినావిడే.

ఇది చదువుతున్నంతసేపూ నాకు మా ఊరు గుర్తొచ్చింది. బరంపురం గ్రామదేవత బుఢీ ఠాకురాణి. రెండేళ్లకోసారి చైత్రమాసంలో ఆమె యాత్ర జరుగుతుంది. అప్పుడు ఆమె గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేరా నేతగాళ్లది. వాళ్లు తెలుగు మాట్లాడతారు, మహురి రాజుల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చారని చెబుతారు. వాళ్ల కులపెద్ద దేశిబెహరా ఆమెకి తండ్రి. ఒడియా ఊరి దేవత వలస వచ్చిన తెలుగు నేతగాళ్ల ఇంటి ఆడపిల్ల అయింది. లండన్ కథలో వలస వచ్చిన పిల్ల దేవత అయితే, ఇక్కడ దేవతే వలస వచ్చినవాళ్ల ఇంటి పిల్ల అయింది. ఇక్కడ మనం ఎవరం, ఎప్పుడొచ్చాం, ఏ భాష వాళ్లం అన్న ప్రశ్న సరిహద్దు జిల్లాల్లో ఎప్పుడూ ఉండేదే. దానికి నేను చూసినవాటిలో అతి దయగల జవాబు ఈ చుట్టరికం.

యాత్ర రోజుల్లో రాత్రిళ్లు ఘటాలు వీధి వీధికీ వస్తాయి. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. శివుడు, కాళి, హనుమంతుడు, పులి. ఏటీఎం ముందు లైనులో ఒంటికి రంగు పూసుకున్న యముడు నిలబడి ఉంటే వెనకనున్నాయన 'కాస్త జరగండి' అంటాడు. నగరం మధ్యలో దేవతలు, భూతాలు మామూలుగా తిరగడమనే ఊహ కోసం ఇంగ్లీషు నవల చాలా కష్టపడుతుంది. మాకు అది రెండేళ్లకోసారి ట్రాఫిక్ మళ్లించే పని.

అయితే మరి ఠాకురాణిని పాత్రగా పెట్టి తెలుగులో ఒక అర్బన్ ఫాంటసీ రాయొచ్చా? ఈ మాట ఇంట్లో అంటే మామ్మకి కోపం వచ్చింది. "అమ్మవారు నీ కథలో పని చేసే మనిషా?" అంది. మామ్మ మాట తేలిగ్గా తీసేయలేను. లండన్‌లో థేమ్స్‌కి ఇప్పుడు ఎవరూ ముడుపు కట్టరు కాబట్టి ఆరోనోవిచ్ ఆమెకి ఎన్ని మాటలైనా ఇవ్వగలడు. ఇక్కడ పిల్లాడికి జ్వరం తగ్గితే పులివేషం కడతానని మొక్కుకున్న తండ్రి ఉన్నాడు. ఎండలో రంగు కారిపోతుంటే అతను కథ చెప్పడం లేదు, బాకీ తీరుస్తున్నాడు. అతని ముందు ఆమె చేత డైలాగులు చెప్పించే ధైర్యం నాకు లేదు, ఉండకూడదనే అనుకుంటున్నాను. కానీ ఆమె చుట్టూ ఉన్నవాళ్లు ఉన్నారు కదా. ఘటం మోసే ఆమె, వేషగాళ్లకి రంగులు వేసేవాడు, బందోబస్తుకి వచ్చిన ఒడియా కానిస్టేబులు. వేషాల గుంపులో ఒకటి వేషం కాదని ఆ రంగులు వేసేవాడికి మాత్రమే తెలిస్తే ఎలా ఉంటుంది? ఆ వేపు నుంచి మొదలుపెట్టవచ్చు, అమ్మవారి నోట ఒక్క మాటా పెట్టకుండా.

వాసన చూసి కుదిరే సంబంధం

పారానార్మల్ రొమాన్స్ విషయంలో నాకూ మా పిన్ని కూతురికీ పడదు. తనకి డిగ్రీ అయింది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. తన ఫోనంతా తోడేలు హీరోలే. ఆ కథల్లో 'మేట్' అని ఒకటి ఉంటుంది. వాసన తగలగానే తోడేలుకి తన జంట ఎవరో తెలిసిపోతుంది. ఇక ఆ బంధాన్ని ఎవరూ మార్చలేరు.

"అందులో కట్నం ఉండదప్పా. జాతకం చూడరు, కులం అడగరు. వాడు వస్తాడు, నువ్వేనంటాడు, అయిపోయింది," అంది.

"ఆ పిల్లని ఎవరైనా అడిగారా మరి?"

"ఇక్కడ నన్నెవరు అడిగారప్పా?"

చాలాసేపు నా దగ్గర జవాబు లేదు. ఈ రకం పుస్తకాలని పనికిమాలినవని కొట్టిపారేసేవాళ్లు ఈ సంభాషణ ఒకసారి వినాలి. పెళ్లిచూపుల్లో కాఫీ కప్పులు పట్టుకుని నిలబడే అమ్మాయికి, ఏ బేరమూ లేకుండా ఒకడు తనని గుర్తుపట్టడం ఎంత పెద్ద ఊరటో నాకు తెలుసు. నేనూ ఆ కప్పులు పట్టుకున్నదాన్నే.

అయినా నా అభ్యంతరం నాదే. జాతకం చెప్పినా, వాసన చెప్పినా కాదనే వీలు లేని బంధం ఒకటే. 'ట్విలైట్' (2005) లో రక్తపిశాచి ఎడ్వర్డ్ రాత్రిళ్లు బెల్లా గదిలోకి వచ్చి, ఆమెకి తెలియకుండా నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. అదే సిరీస్ నాలుగో పుస్తకంలో తోడేలుగా మారే జేకబ్‌కి అప్పుడే పుట్టిన పసిబిడ్డతో బంధం పడుతుంది. దాన్ని నేను ఏ రకంగానూ ఒప్పుకోలేను. కాలేజీ రోడ్డులో వెనకపడేవాడి వల్ల చదువు మానేసిన అమ్మాయిలు నాకు తెలుసు. ఇంకో సంగతి కూడా ఉంది. నేను అంత ఇష్టపడ్డ బిల్ అంతర్యుద్ధంలో ఏ పక్షాన పోరాడాడు? బానిసత్వం నిలబెట్టాలన్న దక్షిణాది పక్షాన. నూటయాభై ఏళ్ల ప్రేమికుడు తన కాలపు అన్యాయాన్ని కూడా వెంట తెచ్చుకుంటాడు. మన వైపు అయితే అతను తప్పకుండా ఏ జమీందారో అయి ఉంటాడు. అతని కళ్లు అందంగా ఉన్నాయని రాసే ముందు, అతని పొలంలో ఎవరు వెట్టి చేశారో కూడా రాయాలి.

చెల్లికి కేట్ డేనియల్స్ పుస్తకాలు ఇచ్చాను. అందులో హీరో సింహంగా మారతాడు, మహా గర్విష్టి. అయినా కేట్ అతన్ని అడుగడుగునా ఎదిరిస్తుంది, లెక్క అడుగుతుంది. వాళ్ల పెళ్లి తొమ్మిదో పుస్తకంలో జరుగుతుంది. "మా అమ్మ తొమ్మిది వారాలు ఆగినా గొప్పే," అంది చెల్లి. చదువుతోంది మాత్రం.

కోరలు లేనివాళ్లు

ఇప్పటిదాకా చెప్పినదానికి అన్నిటికంటే గట్టి ఆక్షేపణ వేరే ఉంది. నాకు నేనే వేసుకున్నది.

రక్తపిశాచులకి హక్కులు, తోడేళ్లకి డోర్ నంబర్లు ఇవ్వడం వెలివేతకి గురైన మనుషుల గురించి చెప్పే తీరు అంటారు. బాగానే ఉంది. కానీ రక్తపిశాచికి నిజంగానే కోరలున్నాయి. అతను నిజంగానే మనుషుల్ని చంపాడు. భయపడేవాళ్ల భయానికి కారణం ఉంది. మా జిల్లాల్లో చిల్లంగి (చేతబడి) పెట్టిందని కొట్టి తరిమే ఆడవాళ్లకి ఏ కోరలూ లేవు. గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు ఇది పాతకాలపు ముచ్చట అనుకోవద్దు. ఒడిశా ప్రభుత్వం 2013లో దీని మీద ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఇలాంటి చోట కూర్చుని, శక్తులున్న మంత్రగత్తెల కథలు సరదాగా చదవడం సరైన పనేనా?

మా బంధువు ఒకావిడ గుణుపురం అవతల ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసేది. ఒక పల్లెలో వరసగా పిల్లలకి చలిజ్వరాలు వచ్చాయి, ఒక బిడ్డ పోయింది. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె మీద అనుమానం. ఆమెకి కొంచెం జీడితోట ఉండేది, దాని మీద మరిది కొడుకుల కన్ను. మా బంధువు వెళ్లి పిల్లల వేళ్లు గుచ్చి రక్తం పరీక్ష చేస్తే మలేరియా. మందులిచ్చారు, తగ్గింది. ఆ తర్వాత 2017 నుంచి ఒడిశా ప్రభుత్వ మలేరియా నివారణ కార్యక్రమం 'దమన్' కింద, జ్వరం ఉన్నా లేకపోయినా దూరపు పల్లెల్లో అందరికీ పరీక్షలు చేయడం మొదలుపెట్టారు. కానీ ఆ ముసలామె అప్పటికే కూతురి ఊరికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. తోట ఎవరికి వెళ్లిందో ఊహించుకోవచ్చు.

ఇది విన్నాక కొన్నాళ్లు నేను ఈ పుస్తకాలు ముట్టుకోలేదు. మళ్లీ తెరిచినప్పుడు 'డెడ్ అంటిల్ డార్క్' కథ నడిచిన తీరు కొత్తగా కనిపించింది. చదవబోయేవాళ్లు ఈ పేరా దాటేయండి. ఆ ఊళ్లో ఆడవాళ్లు వరసగా హత్యకి గురవుతుంటారు. ఊరు రక్తపిశాచులని అనుమానిస్తుంది, సూకీ అన్నని అనుమానిస్తుంది. చివరికి హంతకుడు మనిషి, రోజూ బారుకి వచ్చే మామూలు మనిషి. రక్తపిశాచులతో తిరిగిన ఆడవాళ్ల మీద అసహ్యంతో చంపాడు. ఊరి ద్వేషమే అతని చేతిలో ఆయుధమైంది.

అర్బన్ ఫాంటసీలో ఎక్కువ భాగం లోపల డిటెక్టివ్ కథే. ఒక చావు, అనుమానితులు, రుజువులు. పిశాచి అయినా సరే, ఆ రోజు రాత్రి నువ్వెక్కడున్నావని అడిగి జవాబు వింటారు. కోరలు ఉన్నంత మాత్రాన ఈ హత్య అతనే చేశాడని తేలిపోదు. మన క్షుద్ర నవల అడవి మనిషిని ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఆ పల్లె కూడా ఆ ముసలామెని అడగలేదు.

అందుకే నాకు కావలసిన తెలుగు నవల గుణుపురం బస్టాండులో మొదలవుతుంది. దర్యాప్తు చేసేది చేతిలో మలేరియా కిట్ ఉన్న ఒక ఆశా కార్యకర్త. సవర, ఒడియా, తెలుగు మూడూ మాట్లాడుతుంది. ఊరు వేలెత్తి చూపిన ముసలామెకి ఆ కథలో ఏ శక్తీ ఉండకూడదని మొదట అనుకున్నాను, భద్రంగా ఉంటుందని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. శక్తి లేని అమాయకురాలిని నిర్దోషి అని తేల్చడానికి ఒక రక్తపరీక్ష చాలు, దానికి ఫాంటసీ అక్కర్లేదు. ఆమెకి నిజంగానే శక్తి ఉండాలి. చనిపోయిన భర్తతో రోజూ సాయంత్రం మాట్లాడేంత, వాన ఎప్పుడొస్తుందో ముందే తెలిసేంత. ఊరికి అది తెలిసి ఉండాలి. అప్పుడు, ఆ బిడ్డ చావుకి ఆమె కారణం కాదని ఆశా కార్యకర్త ఆ ఊరి పంచాయతీ ముందు రుజువు చేయాలి, ఆ తోట కాగితాలతో సహా.